ఇంకెన్ని చేతులు కావాలి?

తొలకరి పడిందంటే మహబూబాబాద్ జిల్లా గార్ల చుట్టుపక్కల ఊళ్లలో ట్రాక్టర్ల వెనక ఒక యంత్రం వేలాడుతూ పోతుంటుంది. పొడవాటి ఇనుప దూలం, దాని కొసన గేర్‌బాక్సు, గేర్‌బాక్సు కింద మెలికలు తిరిగిన బర్మా. చేను చుట్టూ కడీలు పాతాలన్నా, కూరగాయల పందిరికి స్తంభాలు నిలపాలన్నా, మామిడి, ఆయిల్ పామ్ మొక్కలు పెట్టాలన్నా ఇప్పుడు దీన్నే పిలుస్తున్నారు. గుంతల మిషన్ వస్తోందంటే రైతుకు సగం బరువు దిగినట్టే.

ఆ మిషన్ మీ చేనుకు వచ్చినప్పుడు ఒక్క పని చేయండి. ట్రాక్టర్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య తిరిగే షాఫ్టు వైపు చూడండి. దాని మీద ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. ఉందా? ఎండకు పగిలి, సగం ఊడి, బైండింగ్ తీగతో కట్టి ఉంటే దాన్ని ఉన్నట్టు లెక్కపెట్టకండి. మన ఊళ్లలో తిరిగే పాత మిషన్లలో ఆ తొడుగు లేనివి కోకొల్లలు. ఏ ఆచ్ఛాదనా లేని ఇనుప షాఫ్టు గిర్రున తిరుగుతుంటే, దానికి అడుగు దూరంలో లుంగీ కట్టుకున్న మనిషి నిలబడి బర్మాను గుర్తు మీదికి తోస్తుంటాడు. ఆ మనిషి పక్కనే పిల్లలు వింత చూస్తుంటారు. అది చూసి యజమానికి భయం వేయదు. డ్రైవర్‌కు వేయదు. ఆ దారిన పోయే అధికారికి వేయదు. గట్టు మీద నిలబడ్డ మనకూ వేయదు. నా ఆవేదన అంతా ఇదే. చేతిని లాగేసుకోవడం యంత్రానికి క్షణం పని. ఆ క్షణానికి ముందు ఏళ్లకొద్దీ సాగిన మన పట్టనితనం గురించి ఎవరూ నోరు విప్పరు.

ఆ క్షణం ఎంత చిన్నదో ముందు తెలుసుకుందాం. ట్రాక్టర్ వెనక ఉండి ఈ షాఫ్టును తిప్పే పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. ఇది ప్రపంచమంతా పాటించే కొలత. అంటే సెకనుకు 9 చుట్లు. మూడంగుళాల మందం ఉన్న షాఫ్టు ఒక్క చుట్టుకు తొమ్మిదిన్నర అంగుళాల గుడ్డను చుట్టేసుకుంటుంది. సెకనుకు ఏడడుగుల గుడ్డ. భుజం మీది తువ్వాల పొడవే అంత ఉండదు. గుడ్డ చిక్కుకుందని మనిషికి తెలియాలి, "ఆపు" అని అరవాలి, ఆ అరుపు ఇంజన్ మోతలో డ్రైవర్‌కు వినిపించాలి, అతను వెనక్కి తిరిగి చూసి క్లచ్ తొక్కాలి. దీనికి రెండు సెకన్లే పట్టిందనుకున్నా షాఫ్టు 18 చుట్లు తిరిగి ఉంటుంది. గుడ్డ వెంట చెయ్యి, చెయ్యి వెంట భుజం, మెడ. ఎంత బలవంతుడైనా, ఎంత చురుకైనవాడైనా ఈ లెక్క మారదు. నలభై హార్స్‌పవర్ ఇంజన్ లాగుతుంటే ఎదురు లాగగల కండ ఏ తల్లి కన్న బిడ్డకూ లేదు.

గేర్‌బాక్సు ఆ వేగాన్ని తగ్గించి బర్మాకు ఇస్తుంది. వేగం తగ్గింది కదా అని ధైర్యపడటానికి లేదు. తగ్గిన వేగమంతా బలంగా మారుతుంది. బర్మా నింపాదిగా తిరుగుతున్నట్టే కనిపిస్తూ గట్టి చల్క నేలను చీల్చుకుపోతుంది. మనిషి కాలి ఎముక దానికి అడ్డే కాదు.

ఇలాంటి యంత్రం పక్కన మనిషి బతకాలని దాన్ని తయారుచేసినవాళ్లు కొన్ని ఏర్పాట్లు చేశారు. వాటిని ఒక్కొక్కటిగా తీసేసింది మనమే.

మొదటిది తొడుగు. లోపల షాఫ్టు తిరుగుతున్నా పైన తొడుగు తిరగకూడదు. అది చిన్న బేరింగుల మీద కూర్చుని ఉంటుంది. దాని కొసన ఉన్న గొలుసును ట్రాక్టర్‌కు తగిలించి పెడతారు. అందుకే దాని మీద చెయ్యి పడినా, గుడ్డ పడినా జారిపోతుంది తప్ప చుట్టుకోదు. షాఫ్టు జాయింట్లలో ఉండే క్రాస్‌కు గ్రీజు కొట్టాలంటే తొడుగు జరపాలి. రోజూ జరపడం విసుగనిపించి తీసి పక్కన పెడతారు. పక్కన పెట్టింది కొట్టంలో పడి పెళుసుబారిపోతుంది. మిషన్ ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతుంది. మూడో చేతికి వచ్చేసరికి, అసలు ఇక్కడొక తొడుగు ఉండేదన్న సంగతి కొన్నవాడికే తెలియదు.

రెండోది తెగే బోల్టు. బర్మా రాయికో వేరుకో తగిలి ఆగిపోతే ఇంజన్ బలం ఎటో ఒకవైపు పోవాలి. అది మనిషి మీదికో గేర్‌బాక్సు మీదికో పోకూడదని, షాఫ్టు చివర కావాలనే తేలికగా తెగే బోల్టు పెట్టారు. అది తెగగానే షాఫ్టు ఉత్తగా తిరుగుతుంది, బర్మా నిలిచిపోతుంది. డ్రైవర్ దిగి కొత్త బోల్టు వేసుకోవాలి. రాళ్లున్న నేలలో పూటకు రెండు మూడుసార్లు తెగినా తెగుతుంది. దానికి విసుగొచ్చి గట్టి బోల్టు బిగిస్తారు. అదీ లేకపోతే స్లాబుకు వాడే ఇనుప చువ్వను ముక్క కోసి దూర్చి, కొసలు వంచేస్తారు. ఇక ఏ రాయి తగిలినా బోల్టు తెగదు. బోల్టు తెగకపోతే దూలం మెలిపడుతుంది, వెల్డింగు విడిపోతుంది, ట్రాక్టర్ ముందు చక్రాలు లేస్తాయి, పక్కన పట్టుకున్న మనిషి ఎగిరి పడతాడు. వంచిన ఆ చువ్వ కొస బయటికి పొడుచుకొచ్చి, తగిలిన గుడ్డనల్లా పట్టుకుంటుంది.

మూడోది బర్మా పళ్లు. పళ్లు పదునుగా ఉంటే మిషన్ తన బరువుతో తానే నేలలోకి దిగుతుంది. పళ్లు అరిగాక ఎంతసేపు తిప్పినా పైపైన ఆడుతుందే గానీ దిగదు. సరిగ్గా అప్పుడే ఆ మాట వినిపిస్తుంది: "జర మీదెక్కి కూసో తమ్మీ, బరువు పడ్తది." ఆ తమ్ముడు చదువు మధ్యలో ఆపేసి కూలికొచ్చిన పిల్లవాడు కావచ్చు, పంట పోయి పక్క చేనులో పనికొచ్చిన కౌలు రైతు కావచ్చు. కాదనలేక ఎక్కి దూలం మీద కూర్చుంటాడు. కాళ్ల కింద బర్మా, వీపు వెనక షాఫ్టు. కొత్త పళ్ల జత కొనలేదు కాబట్టి వాటి బదులు ఒక మనిషిని వేశాం. ఇది చూసిన ప్రతిసారీ నా ఒళ్లు మండుతుంది.

తర్వాత జరగకూడనిది జరుగుతుంది. ఊరంతా ఏడుస్తుంది. ఏడుపు ఆగాక ఏమంటుంది? "వాని నుదుట అట్ల రాసి ఉన్నది." అంతా నుదుటి మీద రాసి ఉంటే ఇక తొడుగు తీసినవాడి తప్పు లేదు, చువ్వ దూర్చినవాడి తప్పు లేదు, ఎక్కి కూర్చోమన్నవాడి తప్పు లేదు. బ్రహ్మ రాసిన రాత అని మనం సరిపెట్టుకుంటున్నది నిజానికి ఒక వెల్డింగ్ షాపులో, ఒక కొట్టంలో, ఒక చేను గట్టున మనుషులు తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయాన్ని ఏ రోజైనా మార్చొచ్చు. రాత అనుకున్నాం కాబట్టే మార్చలేదు.

యంత్రం వల్ల మనిషి చనిపోతే పోలీసులు విచారణ జరపాలని మన చట్టంలో స్పష్టంగా ఉంది. 1973 నాటి నేర విచారణ స్మృతి 174వ సెక్షన్‌లో ఆత్మహత్య, హత్య, జంతువు వల్ల మరణంతో పాటు యంత్రం వల్ల మరణాన్ని విడిగా పేర్కొన్నారు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్‌లోనూ అదే ఉంది. విచారణ అంటే కారణం కనుక్కోవడమే కదా. షాఫ్టు మీద తొడుగు ఉందా? బోల్టు స్థానంలో ఏముంది? మనిషి ఎక్కడ నిలబడ్డాడు? అక్కడ నిలబడమన్నది ఎవరు? ఈ నాలుగు ప్రశ్నలకు పంచనామాలో జవాబు రాస్తే, ఆ మండలంలోని మిషన్లన్నీ మరునాడే మెకానిక్ దగ్గర వరుస కడతాయి. ఇదైనా చనిపోయినవాడికి. చెయ్యి పోయి ప్రాణంతో మిగిలినవాడికి ఆ పాటి కాగితం కూడా ఉండదు. పేపర్లో జిల్లా పేజీ మూలన నాలుగు లైన్లు వస్తే అదే ఎక్కువ.

గార్ల నుంచి కారేపల్లి దాటితే ఇల్లందు. సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైన గడ్డ అది. అక్కడ గనిలో నేల తొలవడానికి మనిషిని పంపాలంటే 1952 నాటి గనుల చట్టం అడ్డుపడి అడిగేది. 1966లో వచ్చిన వృత్తి శిక్షణ నియమాల ప్రకారం ముందు శిక్షణ ఇవ్వాలి. గనుల భద్రతను చూడటానికే ధన్‌బాద్ కేంద్రంగా ఒక డైరెక్టరేట్ పనిచేస్తోంది. ఫ్యాక్టరీల సంగతి చూడండి. 1948 నాటి చట్టం 21వ సెక్షన్ తిరిగే భాగాలకు రక్షణ కంచె ఉండాలంది. 22వ సెక్షన్ నడుస్తున్న యంత్రం దగ్గరికి వెళ్లే మనిషికి శిక్షణ ఉండాలని, ఒంటిని అంటిపెట్టుకుని ఉండే బిగుతు దుస్తులు ఉండాలని చెప్పింది. ఇప్పుడు ఆ చట్టాలను కొత్త కార్మిక కోడ్‌లో కలిపారు. ఇవేవీ ఎవరూ దయతలచి ఇచ్చినవి కావు. కార్మికులు ప్రాణాలిచ్చి, సంఘాలు పెట్టి, కొట్లాడి తెచ్చుకున్నవి. అదే షాఫ్టు ఫ్యాక్టరీ గోడకు లోపల తొడుగు లేకుండా తిరిగితే నేరం. గోడకు అవతల చేనులో తిరిగితే రోజువారీ పని. గనికి పోయిన అన్న ప్రాణానికి ఉన్న విలువ చేనుకు పోయిన తమ్ముడి ప్రాణానికి ఎందుకు లేదు?

పొలం పనికి అసలు చట్టమే లేదని కాదు. నూర్పిడి మిషన్లలో చేతులు తెగిపడుతుంటే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. తయారీదారు బాధ్యత, డీలర్ బాధ్యత, గాయపడ్డ కూలీకి పరిహారం అందులో ఉన్నాయి. పల్లెల్లో వాడే మరే యంత్రాన్నయినా ప్రకటన ద్వారా దాని కిందికి తెచ్చే అధికారం కేంద్రానికి ఇచ్చారు. నలభై ఏళ్లు దాటింది. ఆ చట్టం పేరైనా విన్న కూలీ గార్ల సంతలో ఒక్కరు దొరుకుతారా? గుంతల మిషన్ మీద, దాని షాఫ్టు మీద చట్టసభలో గొంతెత్తిన ప్రజాప్రతినిధి ఎవరు? బ్రిటన్ 1957లోనే పీటీవో షాఫ్టుల కోసం ప్రత్యేకంగా నిబంధనలు రాసుకుంది. వ్యవసాయంలో భద్రత, ఆరోగ్యంపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో 184వ ఒడంబడిక తెచ్చింది. కోట్లాది మంది పొలం కూలీలున్న మన దేశం దాన్ని ఇంతవరకూ ఆమోదించలేదు.

యంత్రాలు పంచడంలో మాత్రం వెనకబడలేదు. 2014-15 నుంచి కేంద్రం వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ కింద రాయితీలిస్తోంది. రాష్ట్రంలో యంత్రలక్ష్మి పేరుతో ఇచ్చారు. నేను యంత్రాన్ని తప్పుపట్టడం లేదు. ఎండిన నేలలో గడ్డపార దింపి రెండడుగుల గుంత తవ్విన నడుముకు ఆ మిషన్ విలువ తెలుసు. ఆయిల్ పామ్ తొమ్మిది మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 57 మొక్కలు. ఐదెకరాలకు 285 గుంతలు, ఒక్కోటి రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు. కోతులు, అడవి పందుల బెడదకు చేను చుట్టూ కంచె వేయాలంటే మళ్లీ గుంతలే. ఇంత పనిని చేతుల మీద తవ్వించడం చిన్న రైతుకు అయ్యే పని కాదు. అందుకే ఈ మిషన్ ఉండాలి. ఉండాలి కాబట్టే అడుగుతున్నాను: రాయితీ ఇచ్చిన చెయ్యి, రెండేళ్ల తర్వాత ఆ మిషన్‌కు తొడుగు ఉందో లేదో చూడటానికి ఎందుకు రాదు? అమ్మినప్పుడు డీలర్ షాఫ్టు దగ్గర నిలబెట్టి గంటసేపు ఎందుకు చెప్పడు? మిషన్ మీది హెచ్చరిక స్టిక్కరు ఇంగ్లిషులోనో హిందీలోనో ఎందుకుంటుంది? గార్ల మండలంలో తండాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి అక్కకు, అవ్వకు లంబాడీలో అర్థమయ్యేలా ఆ మాట చెప్పాల్సిన పని ఎవరికీ లేదా?

నేర్పే చోట్లు లేవనడానికి లేదు. ట్రాక్టర్లు, పనిముట్ల మీద శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. కానీ మన తండా కుర్రాడు రాష్ట్రం దాటి అంత దూరం ఎప్పుడు పోతాడు? దగ్గరలో మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ పొలం పనుల్లో భద్రత మీదే దేశవ్యాప్త పరిశోధన ప్రాజెక్టు నడుపుతోంది. ఐటీఐల్లో ట్రాక్టర్ మెకానిక్ ట్రేడ్ ఉంది. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. ఎరువుల మోతాదు చెబుతున్న ఆ వేదికల్లో ఒక్క పూట, ఆవరణలోకి ఒక గుంతల మిషన్ తెప్పించి, షాఫ్టుకు పాత చీర ముక్క చూపించి, ఏమవుతుందో దూరం నుంచి కళ్లకు కట్టించలేరా? ఆ ఒక్క దృశ్యం చూసిన మనిషి జన్మలో మళ్లీ తొడుగు తీయడు.

ఇక పరిహారం. రైతు బీమా 2018 ఆగస్టు నుంచి ఉంది. గుంట భూమి ఉన్నా, 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. మంచి పథకమే. కానీ మిషన్ పక్కన నిలబడేది ఎక్కువగా పట్టా లేని కూలీ, కౌలు రైతు. వాళ్లకు అది వర్తించదు. పట్టా ఉన్నవాడికైనా ప్రాణం పోతేనే వస్తుంది, చెయ్యి పోతే రాదు. ప్రధానమంత్రి సురక్ష బీమాలో ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదంలో మరణానికి 2 లక్షలు, ఒక చెయ్యో కాలో పూర్తిగా పోతే లక్ష. బ్యాంకులో ఆ ఫారం నింపించే దిక్కు లేక ఎంతమంది బయటే ఉండిపోయారో. వీటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. 1923 నాటి కార్మిక పరిహార చట్టం తన రెండో షెడ్యూలులో ట్రాక్టర్లతో, యంత్రాలతో చేసే సేద్యంలో పనిచేసేవాళ్లను కూడా చేర్చింది. దాన్ని ఇప్పుడు 2020 సామాజిక భద్రత కోడ్‌లో కలిపారు. అంటే మిషన్ మీద పనికి పిలిచినవాడు గాయానికి పరిహారం కట్టాల్సిన బాధ్యత దశాబ్దాలుగా చట్టంలో ఉంది. గాయపడ్డ కూలీ చేతిలో ఆసుపత్రి ఖర్చుకు పదివేలు పెట్టి, పెద్దమనుషుల ముందు వేలిముద్ర వేయించుకుని పంపిస్తే అది దయ కాదు. అతని హక్కును మింగేయడం.

చెయ్యి పోయిన కూలీకి పని పోతుంది. మిర్చి ఏరలేడు, పత్తి తీయలేడు, బండి నడపలేడు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఇంకొకరి సాయం కావాలి. ఆ ఇంటి ఆడబిడ్డ చదువు ఆగుతుంది, ఇల్లాలు ఇద్దరు కూలీల పని మీద వేసుకుంటుంది. ఇంత నష్టాన్ని ఆపడానికి కావాల్సింది ఒక తొడుగు, ఒక బోల్టు, ఒక జత పళ్లు. అంతకు మించి లేదు కాబట్టే గుండె రగిలిపోతోంది.

పాత మిషన్‌ను బాగుచేయడం పెద్ద విద్య కాదు. మన వెల్డింగ్ షాపుల మేస్త్రీల చేతిలో ఆ పనితనం ఉంది. సీజన్‌కు ముందే మిషన్‌ను ట్రాక్టర్ నుంచి విప్పి నేల మీద పడుకోబెట్టాలి. మట్టి కడిగి, తుప్పు గీకి, దూలం మీది ప్రతి అతుకునూ వెలుతురులో చూడాలి. పగులు కనిపిస్తే పైపైన వెల్డింగు మచ్చ వేసి రంగు కొట్టడం మోసం. పగులును చివరిదాకా గీకి, అతికి, పైన పట్టీ వేయాలి. గేర్‌బాక్సు ఆయిల్ దింపి చూడాలి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. ఇనుప రజను కనిపిస్తే గేర్ల పళ్లు అరుగుతున్నాయి. కింది సీలు కారుతుంటే ముందు సీలు మార్చాలి, తర్వాతే ఆయిల్ పోయాలి. లేకపోతే కారిన దారినే మట్టి లోపలికి పోతుంది.

షాఫ్టు రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి జారుతూ ఉంటాయి. దూలం పైకి లేచినా, కిందికి దిగినా అవి విడిపోకుండా తగినంత లోపలికి ఉండాలి. అలాగని అడుగంటి గుద్దుకోకూడదు. రోటావేటర్ షాఫ్టును విప్పి దీనికి తగిలించే అలవాటు అందుకే ప్రాణాంతకం. క్రాస్ ఆడుతుంటే మార్చాలి, గ్రీజు పట్టించాలి. తెగే బోల్టు కంపెనీ చెప్పిన సైజు, చెప్పిన రకమే వేయాలి. ఒక డబ్బాలో పది బోల్టులు ట్రాక్టర్ సీటు కిందే పెట్టుకుంటే చువ్వ ముక్క వెతకాల్సిన అవసరం రాదు. త్రీ పాయింట్ లింకులకు మేకులు కాదు, అసలు పిన్నులు, వాటికి తాళం పిన్నులు ఉండాలి. అరిగిన పళ్లు, నడిమి మొన మార్చాలి. అన్నీ అయ్యాక కొత్త తొడుగు వేసి, ఇంజన్ ఆపి ఉండగా తొడుగును చేత్తో తిప్పి చూడాలి. షాఫ్టు కదలకుండా తొడుగు ఒక్కటే తేలిగ్గా తిరిగితే గొలుసు తగిలించాలి. అప్పుడే మిషన్ పనికి సిద్ధమైనట్టు.

పనిలోకి దిగాక డ్రైవర్ సీట్లోనే ఉండాలి, మిగతావాళ్లంతా ఇరవై అడుగుల అవతల ఉండాలి. గుంతల స్థానాలకు ముందే సున్నంతో గుర్తులు పెడితే ఎవరూ దగ్గరికొచ్చి బర్మాను పట్టి జరపాల్సిన పని రాదు. ఇంజన్ వేగం తక్కువలో ఉంచి, జానెడు దింపి, పైకెత్తి మట్టి దులిపి, మళ్లీ దింపాలి. ఒక్క ఊపున దించితే బర్మా నేలలో ఇరుక్కుపోతుంది. ఇరుక్కుంటే పీటీవో ఆపాలి, ఇంజన్ ఆపాలి, తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి. ఆ తర్వాతే పెద్ద పైపు రెంచితో బర్మాను వెనక్కి తిప్పాలి. తిరుగుతున్న బర్మా పక్కన మట్టిని కాలితో తోయడం, పారతో లాగడం వద్దు. తువ్వాల, వదులు లుంగీ, జారే కొంగు, ముడి వేయని జడ మిషన్ ఛాయలకు రాకూడదు. తవ్వే ముందు అక్కడ కింద మోటారు కేబులు ఉందా, మిషన్ భగీరథ పైపు ఉందా అని తెలిసినవాళ్లను అడగాలి. తవ్విన గుంతను ఆ రాత్రికి తెరిచి వదలకూడదు. పిల్లలు, గొడ్లు తిరిగే నేల అది.

అయినా జరగరానిది జరిగితే ఇంజన్ ఆపడం మొదటి పని. మనిషిని విడిపించాలని ఇంజన్‌తో అటూఇటూ తిప్పకండి. గుడ్డ కోసి విడిపించండి. నెత్తురు కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపెట్టి 108కి ఫోన్ చేయండి. తెగిన భాగాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు మీద పెట్టి వెంట పంపండి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. గంటలు గడిచేకొద్దీ అతికే ఆశ పోతుంది. ఈ నాలుగు మాటలు మన బడుల్లో పిల్లలకు చెప్పినా ఎంతో మేలు.

గార్ల 2016 అక్టోబరు 11న ఖమ్మం నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది, బోర్డులు మారాయి, ఆఫీసులు దగ్గరయ్యాయన్నారు. దగ్గరైన ఆఫీసులను నేను అడిగేది ఇవే. అద్దెకు తిరిగే ప్రతి గుంతల మిషన్‌ను తొలకరికి ముందు మండలంలోనే ఒకచోట చేర్చి తనిఖీ చేయండి. తొడుగు, తెగే బోల్టు, పళ్లు సరిగ్గా లేనిదాన్ని పనికి పోనివ్వకండి. రాయితీ ఇచ్చే ముందు శిక్షణ తప్పనిసరి చేయండి. తొడుగులకూ విడిభాగాలకూ కూడా రాయితీ ఇవ్వండి. యంత్రానికి లక్షలు ఇచ్చేవాళ్లకు ప్లాస్టిక్ గొట్టానికి ఇవ్వడానికి చేతులు రాకపోవడం అన్యాయం. గుంతల మిషన్‌ను, పీటీవోతో నడిచే మిగతా పనిముట్లను 1983 చట్టం కిందికి తెమ్మని రాష్ట్రం కేంద్రానికి రాయాలి. పొలంలో యంత్రం వల్ల పోయిన ప్రాణాలను, పోయిన అవయవాలను మండలంవారీగా లెక్కగట్టి ఏటా బయటపెట్టాలి. లెక్కలేని బాధకు బడ్జెట్ రాదు.

ట్రాక్టర్ యజమాని అన్నలారా, మీరు అప్పుచేసి కొన్న బండి అది. కిస్తీలు కట్టాలి, పని తొందర ఉంటుంది. నాకు తెలుసు. కానీ ఆ తొందరలో మీరు కాపాడుకున్న అరగంట, ఒక మనిషికి జీవితకాలం ఖర్చవుతుంది. మేస్త్రీలారా, తెగే బోల్టు బదులు చువ్వ దూర్చమని ఎవరడిగినా చేయనని చెప్పండి. కూలికి పోయే తమ్ముళ్లారా, దూలం మీదెక్కి కూర్చోమంటే దిగిపోండి. ఆ పూట కూలి పోతే పోనీ. సంఘాలు పెట్టిన గడ్డ మనది. వరి కోతకు కూలి రేటు మీద పట్టుబట్టినట్టే దీని మీదా పట్టుబట్టండి. రైతులారా, మీ చేనులో ఎవరి చెయ్యి పోయినా అందులో మీ పాలు ఉంది. తొడుగు లేని మిషన్ వస్తే గట్టు దగ్గరే ఆపి వెనక్కి పంపండి. గుంత ఒకరోజు ఆలస్యమైతే మొక్క చావదు. ఈ తొలకరి నుంచే పంపండి.